నీలం లోడు

బిల్లులో రాసింది: నీలం, రెండు టన్నులు.
వెనకాల పోతా ఉండింది కూడా నీలమే.
మొగిలి ఘాటు మూడో మలుపు కాడ్నించి
అద్దంలో రోడ్డు లేదు, లారీల్లేవు,
నా పొగ తప్ప నాకేమీ కనపళ్ళా.

ఈల ముందే మారింది.
బంగారుపాళెం దాటేటప్పుడే చెవికి తగిలింది.
రోజూ పిట్ట మాదిరి కూసే టర్బో
ఆ పొద్దు పళ్ళు కొరికినట్టు కూసింది.
రేడియో సౌండు పెంచినాను.
వినకూడదనుకుంటే ఎన్ని దోవలో మనిషికి.

ఎక్కలా.
యాక్సిలేటరు నేలకంటా తొక్కినా
రెండో గేరులో కూడా ఈడ్చుకుంటా, ఈడ్చుకుంటా.
వెనక బైకాయన ముక్కుకు టవలు చుట్టుకుని
పక్కకొచ్చి చెయ్యెత్తి తిట్టినాడు.
తిట్టు వినపళ్ళా. చెయ్యి మాత్రం కనపడింది.

ఓరకు తీసి తాళం తిప్పినాను.
ఆగలా.
తాళం పీకి చేతిలో పెట్టుకున్నా. ఆగలా.
డీజిలు లేకండా, నా మాట లేకండా
తన నూనె తానే తాగతా
అరుస్తా, ఇంకా అరుస్తా,
బానెట్టు కింద ఎవురో వేరే డ్రైవరు ఎక్కి కూర్చున్నట్టు.
సెకండాండు బండి. అప్పు నిరుడే తీరింది.
చేతిలో తాళం ఉంది గదా అని
ఇన్నాళ్ళూ ఏమేమి నాదనుకున్నానో
అదంతా ఆ అరుపులో ఒక్కసారిగా గుర్తొచ్చింది.

ఐదో గేరేసి, బ్రేకు మింద నిలబడి
క్లచ్చి వదిలేసినా.
ఒక్క కుదుపు. క్రేట్లు కొట్టుకున్నాయి.
కొండంతా గమ్మునైపోయింది.
రెండు కాయలు దొర్లుకుంటా మలుపు దిగి పోయినాయి
ఎవురికో.

పలమనేరు నించి దిగే టమేటా లారీ ఒకటి
తాడు కట్టి లాక్కోనొచ్చింది షెడ్డు దాకా.
దాదాపీరు ముందు బానెట్టు తెరవలా.
సైలెన్సరు గొట్టంలో తెల్లగుడ్డ తిప్పి తీసి
వాసన చూసినాడు.
"నల్లదైతే గాలి చాల్లేదని మందలిస్తా.
తెల్లదైతే నీళ్ళు యాడ కారతా ఉండాయో ఎతుకుతా.
ఇది ఇంటి దొంగబ్బా," అన్నాడు.
పైపు ఊడదీసి, చిటికెన వేలితో ఇరుసు కదిపినాడు.
పాలపన్ను మాదిరి ఊగింది.

"నిమిషానికి లక్ష చుట్లు తిరిగేది,
ఎంట్రుక మందం కూడా లేని నూనె మింద.
కొండెక్కి వస్తానే ఠక్కున ఆపుతావు గదా?
నూనె నిలిచిపోతాది. అది మాత్రం తిరగతానే ఉంటాది,
ఎండిపోయిన గొంతుతో."

నాకు కాటా ముందరి క్యూ గుర్తొచ్చింది.
గజం జరగడం, ఆపడం, గజం జరగడం, ఆపడం.
పది రూపాయల డీజిలు మిగిలిందని
ఆ డబ్బుతో టీ కూడా తాగినాను.
ఆ టీకి బిల్లు ఇప్పుడొచ్చింది: ముప్పై రెండు వేలు.

సామాను చెన్నై నించి రావల్ల, మూడు దినాలు.
కాయలు ఆగతాయా?
రెండోనాటికి షెడ్డంతా మాగిన వాసన,
గ్రీజు మింద, కిరసనాయిలు మింద,
పనిపిల్లోడు గౌసు మూతి మింద.
మండీ సేటు ఫోన్లో అరిచినాడు.
ఆ అరుపు కూడా తాళం పీకినా ఆగలా.

ఇప్పుడు యాడ ఆపినా ఒక నిమిషం ఉంటా,
ఇంజను గురక పెడతా ఉంటే, సీట్లో ఊరికే.
అదేం పెద్ద బుద్ధి రావడం కాదు.
చెయ్యి తాళం మిందికి పోతానే ఉంటాది,
దాన్ని ఇంకో చేత్తో పట్టుకుంటా.
చెంగమ్మ గడపలోంచి అడగతాది, "దిగవా ఏంది?"
"చల్లారల్ల" అంటా.
ఆమె నవ్వదు.
ఏది చల్లారల్లో ఆమెకు నాకన్నా ముందే తెలుసు.

పొద్దున్నే గొట్టం మూతికి గుడ్డ పట్టి చూస్తా.
ఈ పొద్దు మసి ఉంది. నూనె లేదు.
రేపటి సంగతి మొగిలి ఘాటు చెప్పల్ల.